గుడ్డ లేని బకెట్టు

"అయితే గుడ్డ ఏదమ్మా?"

కొడుకు ఆ మాట అడగడం పొద్దుటినుంచి అది మూడోసారి. మొదటిసారి మెల్లగా అడిగాడు. రెండోసారి విసుగ్గా అడిగాడు. ఈసారి గొంతులో విసుగు కూడా లేదు.

"కట్టానురా," అంది నానమ్మ. "బకెట్టు పిడికి రెండు ముళ్ళు వేశాను. నా చేత్తోనే వేశాను."

"వేస్తే ఉండాలిగా?"

"ఉండాలి."

"మరి ఏది?"

నానమ్మ ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతుల్నీ తిప్పి చూసుకుంది, అవి తనవో కావో తేల్చుకుంటున్నట్టు.

పట్నంపిల్ల వసారా స్తంభానికి ఆనుకుని టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. టీ చల్లారి చాలాసేపయింది. ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టింది నానమ్మే. పల్లెల్లో పదిరోజులు ఉండి రమ్మని కాలేజీవాళ్ళు తలా ఒక ఇంటికి పంపిన విద్యార్థుల్లో తనొకతె. వచ్చిన రోజే ఇంటాయన్ని అన్నయ్య అనీ, ఆయన భార్యని వదిన అనీ, ముసలావిడని నానమ్మ అనీ పిలిచేసింది. వరసలు కలుపుకోవడానికి నోరుంటే చాలు. నిలబెట్టుకోవడంలోనే ఉంది తంటా అంతా.

"మొన్న పాలకేంద్రం దగ్గర నా తల కొట్టేసినట్టయిందమ్మా," అన్నాడు అన్నయ్య. "ఒక్కళ్ళూ పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది."

అనలేదు, నిజమే. మొన్న ఊరి పాలన్నీ ట్యాంకరులో వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. పశువు మందు కలిసిన పాలు మాకొద్దన్నారు డెయిరీవాళ్ళు. పాలకేంద్రం వెనక మురుగు కాలవలోకి ట్యాంకరు కుళాయి తిప్పి వదిలేస్తుంటే ఊరంతా నిలబడి చూసింది. ఆ తర్వాత ఇంటింటి పాలలోంచి తీసిపెట్టిన చిన్న సీసాల్ని ఒక్కొక్కటీ పరీక్షించారు. తప్పు ఈ ఇంటి సీసాలో తేలింది. నానమ్మ తెచ్చిన క్యానుకి మూత తీసి చూడక్కర్లేదని పాతికేళ్ళుగా చెప్పుకునే కేంద్రం అది.

"నిన్న సాయంత్రం వాళ్ళకి మాటిచ్చి వచ్చాను," అన్నాడు అన్నయ్య, నేలకేసి చూస్తూ. "ఇకనుంచి కొట్టం పని నీ కోడలు చూస్తుంది. పితకడం, పోయడం అన్నీ. నువ్వు లోపలికి వెళ్ళొద్దు. అలా అయితేనే మన పాలు మళ్ళీ పోయించుకుంటామన్నారు."

"నన్ను అడక్కుండానే మాటిచ్చావా?"

"అడిగితే ఏమంటావో నాకు తెలుసమ్మా."

"నాకే తెలీదురా ఏమంటానో. నీకెలా తెలిసింది?"

అన్నయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. వేసుకుని మళ్ళీ విప్పాడు. ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు పాపం. ఇంట్లో ఉండలేడు, వీధిలోకి వెళ్ళి ముఖం చూపించలేడు.

నానమ్మ నడుముకి కట్టుకున్న తువ్వాలు విప్పింది. ఆవుల దగ్గరికి వెళ్ళేటప్పుడు తప్ప కట్టని తువ్వాలు అది. నాలుగు మడతలు పెట్టి కోడలి వైపు చాపింది. వదిన తలెత్తకుండా అందుకుంది.

"బడుద్ధాయిలా నిలబడ్డావేం పట్నంపిల్లా, టీ తాగు," అంది నానమ్మ. "పారబోసినవి ఎటూ పోయాయి. గ్లాసులోవయినా దండగ చెయ్యకు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పట్నంపిల్ల చెయ్యి దానంతటదే ప్యాంటు జేబు మీదికి పోయింది. జేబులో ఏమీ లేదు.

*

ఎర్రగుడ్డ సంగతి పట్నంపిల్ల వచ్చిన మూడోరోజే నానమ్మ చెప్పింది. చెప్పలేదనడానికి కూడా వీల్లేదు.

చుక్క అనే ఆవుకి పొదుగు వాచింది. పశువుల డాక్టరు సూది వేసి, వారం దాకా దాని పాలు క్యానులో పోయొద్దని చెప్పి వెళ్ళాడు. అలాంటప్పుడు నానమ్మకి ఒక పద్ధతుంది. జబ్బు ఆవు పాలు పితికే బకెట్టు పిడికి ఎర్రగుడ్డ కడుతుంది. తెల్లారగట్ల కొట్టంలో వెలుతురు చాలదు. ఆవిడ కళ్ళకి పట్టపగలు కూడా అంతంతమాత్రమే. అందుకని తడిమి చూసుకుంటుంది. చేతికి గుడ్డ తగిలిందా, ఆ బకెట్టు పెరటి గోతిలోకి. తగల్లేదా, క్యానులోకి. ఆ గుడ్డ బకెట్టు పారబోసే పనిని ముచ్చటపడి పట్నంపిల్లకి అప్పగించింది. "మా ఇంట్లో ఉండి ఒక్క పనయినా చెయ్యకుండా పోతే మీ మేష్టార్లు నన్ను తిడతారు," అని నవ్వింది.

మొన్న ఉదయం పట్నంపిల్ల అందరికంటే ముందే లేచింది. పనిమీద కాదు. ఫోటో మీద. పాల బకెట్టు పట్టుకుని కొట్టంలో నిలబడ్డ తన ఫోటో ఒకటి స్నేహితురాళ్ళకి పంపాలని రెండు రోజులుగా ఒకటే కోరిక. చుక్కని పితికేసి నానమ్మ పక్క ఆవు దగ్గర కూర్చుంది, వీపు ఇటు. గుడ్డ కట్టిన బకెట్టు గోడవార ఉంది. ఎత్తి పట్టుకుంటే బాగానే ఉంది గానీ, ఆ గుడ్డే! పేడ మరకలు, పసుపురంగు మందు మరకలు. ఫోటో అంతా పాడుచేస్తోంది. ముళ్ళు విప్పి జేబులో కుక్కింది. నాలుగు ఫోటోలు తీసుకుంది. బకెట్టు ఎక్కడిదక్కడ పెట్టి, సిగ్నల్ కోసం మేడ మీదికి పరిగెత్తింది.

సిగ్నల్ దొరకలేదు. ఫోటో ఎవరికీ వెళ్ళలేదు. కిందికి దిగేసరికి బకెట్లు కడిగి బోర్లించి ఉన్నాయి. నానమ్మే పారబోసి ఉంటుందిలే అనుకుంది పట్నంపిల్ల. పిల్లే పారబోసి ఉంటుందిలే అనుకుంది నానమ్మ.

ట్యాంకరు తిరిగొచ్చిన మధ్యాహ్నం అన్నయ్య ఆయాసపడుతూ వచ్చి అడిగాడు: "నువ్వు పారబోశావా అమ్మాయ్, ఆ గుడ్డ బకెట్టు?"

"గుడ్డ కట్టిన బకెట్టేదీ నాకు కనిపించలేదన్నయ్యా," అంది పట్నంపిల్ల.

మాట వరకు చూస్తే అందులో అబద్ధం లేదు. గుడ్డ తనే విప్పాక ఇక గుడ్డ కట్టిన బకెట్టు ఎక్కడ కనిపిస్తుంది? కానీ ఆ ఒక్క మాటతో నేరమంతా వెళ్ళి ముసలావిడ నెత్తిన కూర్చుంది. ఆ సాయంత్రమే ఫోటోలు నాలుగూ ఫోన్లోంచి తీసేసింది. గుడ్డని గుట్టుగా కొట్టంలో పడేద్దామని గదిలోకి వెళ్తే చిలక్కొయ్యకి ప్యాంటు లేదు. వదిన ఉతకడానికి తీసుకెళ్ళింది. మర్నాడు ఆరిన ప్యాంటు మడతపెట్టి మంచం మీదికొచ్చింది, జేబు ఖాళీగా. ఉతుకుబండ దగ్గర జారి నీళ్ళలో కొట్టుకుపోయి ఉంటుందని తనకి తనే చెప్పుకుంది. దొంగకు తేలు కుట్టినట్టుంది పిల్ల పని. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికీ లేదు.

*

మధ్యాహ్నం అన్నయ్య పొలానికీ, వదిన పిండిమరకీ వెళ్ళాక, కొట్టంలోంచి గడ్డి కదులుతున్న చప్పుడు వినిపించింది. పట్నంపిల్ల వెళ్ళి చూస్తే నానమ్మ నేలమీద మోకాళ్ళ మీద ఉంది. గడ్డి కుప్పని పిడికెడు పిడికెడుగా తీసి పక్కన వేస్తోంది.

"నానమ్మా, అన్నయ్య వద్దన్నాడుగా!"

"పితకొద్దన్నాడు. వెతకొద్దనలేదు." ఆవిడ తల తిప్పలేదు. "ఇలా రా. నీవి లేతకళ్ళు. మేత వేసే గాటి కింద చూడు. ఎలకలు లాక్కుపోయాయేమో."

పట్నంపిల్ల గాటి కింద చూసింది. ఇంకేం చేస్తుంది? మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాపి, అక్కడ లేదని తనకి తెలిసిన గుడ్డ కోసం చీకట్లో తడిమింది. ఆ తడమడంలో తన మీద తనకే కంపరం పుట్టింది.

"లేదా?"

"లేదు నానమ్మా."

"ఆ తట్టల వెనక?"

తట్టల వెనకా వెతికింది. పేడ పార కిందా వెతికింది. ఎంత శ్రద్ధగా వెతికితే అంత సిగ్గుగా ఉంది. వెతకడం మానేద్దామంటే, ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలి?

నానమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. చుక్క మెడ చాపి ఆవిడ భుజం నాకింది. ఆవిడ దాని మూతి పక్కకి నెట్టింది.

"పాలు పోయినందుకు కాదే నా బాధ," అంది. "మా అక్కకి ఇలాగే మొదలైంది. మొదట పొయ్యిమీద పాలు మర్చిపోయింది. తర్వాత వీధి మర్చిపోయింది. ఆఖరికి నన్ను చూసి, ఎవరమ్మా మీరు, కూర్చోండి అంది. మర్యాద మాత్రం మర్చిపోలేదు చూడు."

నవ్వబోయి ఆగిపోయింది.

"నేను ముళ్ళు వేసినట్టు నాకు కళ్ళకి కట్టినట్టుంది పిల్లా. రెండు ముళ్ళు. వెయ్యలేదంటున్నారు అందరూ. మరి ఈ కళ్ళకి కట్టింది ఏమిటి? లేనిది కూడా కనిపిస్తోందా నాకు?"

పట్నంపిల్ల గొంతు దాకా వచ్చింది మాట. నోరు కూడా తెరిచింది. కానీ నోరు తెరిచిన తర్వాత ఈ ముసలి కళ్ళు తనని ఎలా చూస్తాయో తలుచుకుంటే మాట వెనక్కి వెళ్ళిపోయింది.

"నన్నడుగు," అంది నానమ్మ ఉన్నట్టుండి. "ఇవాళ ఏ వారమో అడుగు."

"ఎందుకు నానమ్మా..."

"అడగమంటే అడుగు."

"ఇవాళ ఏ వారం?"

"బుధవారం. అవునా?"

"అవును నానమ్మా."

"చూశావా," అంది ఆవిడ. పరీక్ష ప్యాసయిన చిన్నపిల్లలా ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. "పొద్దున్న నువ్వేమయినా అన్నావా బుధవారమని? విని గుర్తుపెట్టుకున్నానా?"

"లేదు. మీకే తెలుసు."

"నువ్వు మంచిపిల్లవి. ఇంట్లోవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు రెండు రోజులుగా. నువ్వొక్కతెవే నాతోపాటు వెతికావు."

ఆ మాటకి పట్నంపిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నానమ్మ చూసి, గడ్డి నలక పడిందనుకుని, ఊదుతానంటూ దగ్గరికి లాక్కుంది.

*

సాయంత్రం పాలు పితికే వేళయింది. వసారాలో నానమ్మ, అన్నయ్య, పట్నంపిల్ల. కొట్టంలో వదిన ఒక్కతే.

పదకొండేళ్ళుగా ఆ కొట్టంలో పేడ తీసింది వదిన. గడ్డి వేసింది, బకెట్లు తోమింది. పొదుగు మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు అత్తగారు. "నీ చేతికి చేపవు, పాలు దించవు," అనేది. ఆవులు చేపవని అత్తగారు చెప్పింది గానీ ఆవుల్ని ఎవరూ అడగలేదు.

"దూడని ముందు వదలమనరా," అంది నానమ్మ.

"తనకి తెలుసులే అమ్మా."

"వట్టి బకెట్టు చప్పుడే వస్తోంది. చుక్క ఇంకా చేపలేదు."

ముగ్గురూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. సన్నగా, ఆగి ఆగి రెండు బొట్లు. కాసేపటికి ధార మారింది. నురగలో పడుతున్న మెత్తటి చప్పుడు వచ్చింది, ఆగకుండా. నానమ్మ కళ్ళు మూసుకుంది.

"చేపింది," అంది.

అంతే అంది. ఇక కొట్టం వైపు చూడలేదు. పట్నంపిల్ల అప్పుడు ఆవిడ ముఖం చూసింది. చూశాక కూర్చోలేకపోయింది.

"అన్నయ్యా, గుడ్డ నేనే తీశాను."

అన్నయ్య తలెత్తాడు.

"మొన్న పొద్దున్న. ఫోటోలో బాగాలేదని విప్పేశాను. మళ్ళీ కట్టలేదు. నానమ్మ కట్టింది. రెండు ముళ్ళు వేసింది. విప్పింది నేనే."

అప్పుడే వదిన బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

తిట్లకి సిద్ధమై తల దించుకుంది పట్నంపిల్ల. తిట్లు రాలేదు.

"ఏదీ, ఆ ఫోటో చూపించు," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా.

"తీసేశాను."

"ఎవరికయినా పంపావా?"

"వెళ్ళలేదు. సిగ్నల్ లేదు."

"మరి గుడ్డ ఏదమ్మా?"

తల్లిని పొద్దున్న అడిగిన మాటే. అదే గొంతు.

"జేబులో పెట్టుకున్నాను. తర్వాత... పోయింది."

అన్నయ్య ముఖంలో ఏదో మెత్తబడింది. "ఎల్లుండి వెళ్ళిపోయే పిల్లవి," అన్నాడు. "మా ఇంటి నింద నీ నెత్తినెందుకు వేసుకుంటావమ్మా? నీ మనసు నాకర్థమైంది. చాలు."

"నిజం అన్నయ్యా! ఒట్టు!"

"ఒట్టు పెట్టకు, కళ్ళు పోతాయి," అంది నానమ్మ. లేచి వచ్చి పిల్ల గడ్డం పట్టుకుంది. "మధ్యాహ్నం నా ఏడుపు విని ఇదంతా అల్లుకొచ్చావా పిచ్చిదానా?"

"అల్లలేదు నానమ్మా. గుడ్డ నేనే..."

"నువ్వే తీసుంటే, మధ్యాహ్నం నాతోపాటు గడ్డంతా ఎందుకు వెతుకుతావే?"

ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు చెప్పుకునేంత సిగ్గుమాలినతనం పట్నంపిల్లకి ఇంకా రాలేదు.

"చెప్పడానికి సిగ్గేసింది," అంది ఎలాగో.

అన్నయ్య నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు. "అబద్ధం ఆడటం కూడా రాదమ్మా ఈ పిల్లకి!"

నానమ్మ కూడా నవ్వింది. పిల్ల తలమీద చెయ్యి వేసి, కడుపు చల్లగా బతకమంది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ పట్నంపిల్లకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. తప్పు చేసినప్పుడు ఒక సిగ్గు, దాచినప్పుడు ఒక సిగ్గు. చెప్పేశాక మెప్పు రావడం, అది అన్నిటికంటే పెద్ద సిగ్గు.

వదిన ఒక్క మాట కూడా అనలేదు. బకెట్టు పట్టుకుని పెరటి గోతి వైపు వెళ్ళిపోయింది.

*

"ఇలా రా అమ్మాయ్. బట్టలు తీద్దువుగాని."

పెరట్లోంచి వదిన పిలిచింది. తీగ మీద బట్టలేమీ లేవు. ఉతుకుబండ పక్కన గూట్లో సబ్బులు పెట్టుకునే రేకు డబ్బా ఉంది. వదిన దాని మూత తీసి, సబ్బు ముక్కల కిందనుంచి ఏదో లాగి పట్నంపిల్ల చేతిలో పెట్టింది.

ఎర్రగుడ్డ. మరకలన్నీ పోయి, ఇస్త్రీ చేసినంత నీటుగా మడత పెట్టి ఉంది.

"మొన్న సాయంత్రమే దొరికింది, నీ జేబులో," అంది వదిన.

పట్నంపిల్ల గుడ్డకేసి, వదినకేసి మార్చి మార్చి చూసింది. "మరి... ఇందాక నేను చెప్తుంటే..."

"గుమ్మంలోనే ఉన్నాను. విన్నాను."

"ఎందుకు చెప్పలేదు వదినా?"

వదిన చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. పొద్దున్న అత్తగారు ఇచ్చిన తువ్వాలే. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది.

"మొదటిరోజు నువ్వే చెప్తావని చూశాను. రెండోరోజు కూడా చూశాను. ఇవాళ..." ఆగింది. "ఇవాళ చుక్క నాకు చేపింది. విన్నావుగా. పదకొండేళ్ళు నీ చేతికి చేపవు, నీ చేతికి చేపవు అని చెప్పి చెప్పి, నాకూ అదే నిజమేమో అనిపించింది. చూడు. ముప్పావు బకెట్టు ఇచ్చింది."

ఆ మాట అంటూంటే వదిన కళ్ళలో వెలుగూ, ఏడుపూ రెండూ ఉన్నాయి. పట్నంపిల్లకి అటు చూడ్డానికి మనసొప్పలేదు.

"ఇది గడ్డిలో పడేస్తాను వదినా. నానమ్మకి దొరుకుతుంది. తను కట్టానని తెలుస్తుంది ఆవిడకి. ఎవరి పేరూ రాదు."

"అలవాటు చొప్పున ఉతికేశానే తల్లీ," అంది వదిన. "వాసన చూడదనుకున్నావా? గడ్డిలో దొరికిన గుడ్డ సబ్బు వాసనెందుకు వేస్తుంది అంటుంది. సబ్బు డబ్బా నాది. ఇంట్లో బట్టలుతికేది నేను."

పట్నంపిల్ల గుడ్డని పిడికిట్లో బిగించింది.

"నువ్వు చూపిస్తే నాలుగు మాటలంటారు, పడతావు. ఎల్లుండి బస్సెక్కుతావు," అంది వదిన. గొంతులో బెదిరింపు లేదు. బతిమాలడమూ లేదు. "నేను ఈ ఇంట్లోనే ఉండాలి. కోడలికి మొన్ననే తెలుసు, కొట్టం కోసం అత్తని మతిపోయినదాన్ని చేసింది అంటారు. అన్నా తప్పులేదు. చేశాను."

"వదినా..."

"నీ చేతిలో పెట్టాను. ఇక నీ ఇష్టం. మూడు రోజులుగా ఆ డబ్బా తెరిచినప్పుడల్లా చస్తున్నాను."

ఇద్దరూ ఉతుకుబండకి చెరోపక్కా నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. కొట్టంలో చుక్క అరిచింది, అలవాటైన చెయ్యి ఇవాళ తనని నిమరలేదని కాబోలు.

అప్పుడు వసారాలోంచి నానమ్మ పిలుపు వినిపించింది.

"పట్నంపిల్లా! ఇవాళ ఏ వారమే?"

మధ్యాహ్నం కొట్టంలో ఆవిడే బుధవారమని చెప్పింది, ఎవరి సాయమూ లేకుండా. పట్నంపిల్ల మళ్ళీ పరీక్ష పెట్టుకుంటోందేమో అనుకుని ఆగింది, జవాబు కూడా ఆవిడే చెప్తుందని.

చెప్పలేదు.

"పిల్లా, పలకవేం?" ఈసారి గొంతు వణికింది. "నిన్నే అడుగుతున్నాను. ఇవాళ ఏ వారం?"